వైండింగ్ షాపు వదిలి 12,500 జీతానికి బడిలో చేరొచ్చా?

రాగితీగ:
మాది అనంతపురం జిల్లా. ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయినాక పద్నాలుగేండ్లుగా మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నా, కాలిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టే పని. దూరవిద్యలో బీఎస్సీ చేసినా. షాపు తమ్మునికి అప్పజెప్పి రెండేండ్లు బీఈడీ చదివినా, టెట్ పాసైనా. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడితే రాసినా గానీ రాలేదు. ఇప్పుడు మా మండలంలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు లేరు. అకడమిక్ ఇన్‌స్ట్రక్టరుగా, అంటే ఖాళీలో పెట్టుకునే తాత్కాలిక టీచరుగా, పోయే అవకాశముంది. స్కూల్ అసిస్టెంటు (హైస్కూలు టీచరు) ఖాళీకి నెలకు 12,500, ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు) ఖాళీకైతే 10,000. షాపులో అన్ని ఖర్చులు పోను సగటున 28 వేలు మిగులుతాది.

ఎందుకు పోవాలనుందో చెప్తా. బడి మానేసిన పిల్లోడొకడు మా షాపులో చేరినాడు. భాగహారమంటే భయం. 24 స్లాట్ల స్టేటర్ (మోటారులో తిరక్కుండా ఉండే భాగం, దాని గాళ్లలోనే తీగ చుట్టేది) ముందర పెట్టి, మూడు ఫేజులు, రెండు పోళ్లు, అంటే ఆరు భాగాలు, ఒక్కో భాగానికి ఎన్ని స్లాట్లు వస్తాయో పంచమన్నా. వేలితో ఒక్కో స్లాటు తాకుతా పోయి, నాలుగు అన్నాడు. మరుసటి రోజు 36 స్లాట్లదాన్ని నేను అడక్కముందే పంచి చూపించినాడు. వాడు పోయినేడు ఓపెన్ స్కూల్లో పది పాసైనాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పద్నాలుగేండ్ల వైండింగులో కలగలేదు. ఇంట్లో మాత్రం సగం జీతానికి ఎవరైనా పోతారా అంటున్నారు. మీరేమంటారు?

మాజీ విద్యావాలంటీరు, నల్గొండ:
వద్దు తమ్మీ. మనసు మంచిదే, గానీ ఆ కుర్చీ నీది కాదు. నేను తెలంగాణల విద్యావాలంటీరుగ చేసిన, నెలకు 12,000. రెగ్యులర్ సార్లతోటి సమానంగ పీరియడ్లు చెప్పిన, పరీక్ష డ్యూటీలు చేసిన. జీతం మూడు నెలలకోసారి పడేది. ఎండాకాలం సెలవులకు పైసా లేదు. 2020ల కరోనాకు బళ్లు బందైనయ్, ఆ ఏడు మమ్మల్ని మళ్ల తీసుకోలె. ఎవరూ పిలిచి చెప్పలె, కాగితం రాలె. పత్తి చేన్లకు కూలికి పోయిన దోస్తులున్నరు నాకు. నీ చేతిల పనుంది, మాకు అదీ లేకుండె. దాన్ని వదులుకోకు.

ఇంకో మాట. తక్కువ జీతానికి మంచి మనిషి దొరికినన్ని రోజులు సర్కారు ఆ పోస్టు నింపదు. నువ్వు చేరితే ఆ ఊరి పిల్లలకు ఈ ఏడు సారు దొరుకుతడు, అసలు పోస్టు ఇంకో ఏడు ఎనకకు పోతది. నేను ఐదేండ్లు చేసి ఇది తెలుసుకున్న.

బడిగంట:
నేను జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. పైనున్న అన్నగారి బాధ నిజమే, నా కళ్ళారా చూశాను. అయినా నేను చేరమనే చెప్తాను. ఖాళీ ఉన్న బడిలో ఏం జరుగుతుందో తల్లిదండ్రులకు తెలియదు. లెక్కల మాస్టారో బయాలజీ మేడమో తమ పాఠాలు ముగించుకుని వచ్చి, ఫిజిక్స్ పుస్తకం చదివించి వెళ్తారు. ప్రయోగం ఉండదు. పిల్లలు ఓం నియమాన్ని పద్యంలా అప్పజెప్పి పరీక్షలో రాస్తారు. పోస్టు ఎప్పుడు నింపుతారన్నది మనం పోరాడాల్సిన సంగతి, ఆ పోరాటం పూర్తయ్యేదాకా ఈ ఏడు పదో తరగతి పిల్లలు ఆగలేరు కదా.

తమ్ముడూ, ఒక విషయం ముందే తెలుసుకుని రా. పదో తరగతికి ఇప్పుడు మనకున్నది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. 2022లో సిలబస్ తగ్గించినప్పుడు అందులోంచి విద్యుత్ మోటారు, జనరేటరు, విద్యుదయస్కాంత ప్రేరణ తీసేశారు. ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన మాత్రం మిగిలింది. అంటే అయస్కాంతం దగ్గర కరెంటు పోయే తీగ మీద బలం ఏ దిక్కున పనిచేస్తుందో చెప్తాం, ఆ బలంతో తిరిగే మోటారు గురించి చెప్పం! ఊరంతా బోరు మోటార్ల మీద బతుకుతుంటే ఇది నాకు ఎంత కష్టంగా ఉంటుందో. నీలాంటివాడు తరగతిలో ఉంటే ఆ లోటు తీరుతుంది.

కానీ తరగతి షాపు లాంటిది కాదు. షాపులో ఒక్క పిల్లాడు, ఒక్క స్టేటర్. ఇక్కడ నలభై ఐదు మంది, నలభై నిమిషాలు. చేతిపని తెలిసినంత మాత్రాన పాఠం చెప్పడం రాదు. మొదటి నెలంతా గొంతు పోతుంది.

కొలిమి:
బడి ఒక్కటే ఎందుకు? ఐటీఐల వైపు చూడన్నా. ఐటీఐలో పని నేర్పేవాళ్లకు శిక్షణ ఇచ్చే ఏడాది సీఐటీఎస్ కోర్సు చెయ్యి, హైదరాబాద్ విద్యానగర్‌లోని కేంద్ర శిక్షణ సంస్థ ఎన్‌ఎస్‌టీఐలో ఉంది. ఐటీఐ ఇన్‌స్ట్రక్టరు పోస్టుకు దానికి విలువుంటుంది. నీ పనితనానికి సరైన చోటు అదే.

రాగితీగ:
అందరికీ దండాలు. కొలిమి అన్నా, సీఐటీఎస్ సంగతి నాకు తెలుసు, ఏడాది ఇల్లు వదిలి పోవాల, అది తర్వాత చూస్తా. నాకు ముందు పదిలోపు పిల్లోళ్లు కావాల. ఐటీఐకి వచ్చేసరికే సగం మంది లెక్కలంటే పారిపోయుంటారు.

నల్గొండ అన్నా, మీ మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. పోస్టు వెనక్కి పోతాదన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎండాకాలం జీతం రాదన్నదానికి మాత్రం, ఆ రెండు నెల్లు షాపు ఉంది కదా అని మొదట అనుకున్నా. లెక్క వేస్తే కుదరలే. మా పక్క చీనీ (బత్తాయి) తోటలకు ఫిబ్రవరి నుంచే నీళ్ల కరువు మొదలు. బోరు అడుగంటి మోటారు నీళ్లు లేకుండా తిరగడం, ఒక ఫ్యూజు పోతే రెండు ఫేజుల మీదే లాగడం, వైండింగు కాలడం, అంతా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్లోనే. సరిగ్గా పది పరీక్షల కాలం. సెలవులొచ్చేసరికి నా సీజను సగం అయిపోయుంటాది. చెట్టుకు పది రోజులు నీళ్లు తప్పితే పిందె రాలిపోతాది, మోటారు రేపు ఇస్తానంటే రైతు ఒప్పుకోడు.

చీనీతోట:
ఆ చివరి మాట పట్టుకునే రాస్తాండా. నేను రైతును. మా బోరు 700 అడుగులు. మోటారు కాలితే దగ్గర్లో నమ్మకంగా చుట్టేటోళ్లు ఇద్దరే. ఒకాయనకు కండ్లు కనపడటంలే. ఇప్పుడు నీవు కూడా బడికి పోతే మేం అనంతపురం మోసుకుపోవాల, మూడు దినాలు పోతాయి. కొడుకును బడికి పంపే తండ్రిని కూడా నేనే అనుకో, ఐనా చెప్తాండా.

బడిగంట:
చీనీతోట అన్నయ్యా, మీ అబ్బాయికి సైన్స్ ఎవరు చెప్తున్నారు?

చీనీతోట:
ఎవరూ లేరమ్మా. ఆ ఖాళీ మా ఊరి బడిలోదే అయ్యుండొచ్చు.

రాగితీగ:
అన్నా, ఇప్పుడేమనుకుంటున్నానంటే, షాపు మూయను. బడిలో ఈ ఏటికి మాత్రం చేరతా. పగలు తమ్ముడూ ఆ పిల్లోడూ విప్పడం, పాత రాగి తీయడం, స్లాట్లు శుభ్రం చేయడం చూసుకుంటారు. చుట్టేది సాయంత్రం నేనే. జీతం ఆలస్యమైతే తట్టుకోవడానికి మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నా. నల్గొండ అన్న చెప్పినట్టు పోస్టు నింపాలని అడిగే అర్జీలో నా సంతకం కూడా ఉంటాది, నా కుర్చీ పోయినా సరే. ఫిబ్రవరి ఎట్లా గడుస్తాదో చూడాల. షాపు ఆరు నుంచి తొమ్మిది దాకా ఉంటే మీకు సరిపోతాదా?

చీనీతోట:
సరిపోతాది. 700 అడుగుల నుంచి పైపులూ మోటారూ పైకి లాగేసరికే సాయంత్రమైతాది, ఎట్లాగైనా చీకటి పడినాకే మీ దగ్గరికి తెచ్చేది.