‘అన్‌చెయిన్డ్ మెలొడీ’: పాటలో లేని మాట పేరులో ఎందుకుంది?

ప్రశ్న: ఈ ఇంగ్లిష్ పాట ఎన్నిసార్లు విన్నా ‘అన్‌చెయిన్డ్’ (సంకెళ్లు వీడిన) అనే మాట వినబడదు. పేరు మాత్రం అదే. తెలుగులో ‘స్వేచ్ఛాగీతం’ అనవచ్చా?

జవాబు: ‘స్వేచ్ఛాగీతం’ వద్దండి. ఆ మాట వింటే మనకు జెండాలు, ఉద్యమాలు గుర్తొస్తాయి. ఇది విరహగీతం. మన దగ్గర కీర్తనైనా సినిమా పాటైనా పల్లవి మొదటి మాటలే పేరుగా నిలుస్తాయి కాబట్టి మీకు ఈ అనుమానం రావడం సహజం. ఈ పాటకు పేరు సినిమా వల్ల వచ్చింది. 1955లో ‘అన్‌చెయిన్డ్’ అనే అమెరికన్ జైలు సినిమా వచ్చింది. కాలిఫోర్నియాలోని చీనో జైలు నుంచి పారిపోవాలా, శిక్ష ముగిసేదాకా ఉండాలా అని ఒక ఖైదీ నలిగిపోవడమే కథ. అలెక్స్ నార్త్ బాణీ కట్టాడు, హై జారెట్ సాహిత్యం రాశాడు. సినిమా పేరు పాటలో రావాలని అడిగినా జారెట్ ఒప్పుకోలేదు. మంచి పని చేశాడు. ఆ మాట దూరి ఉంటే పాట ఆ జైలు దాటి వచ్చేది కాదు.

సినిమాలో ఖైదీగా పాడింది టాడ్ డంకన్. ఆ సంగతి తెలిశాక ‘ఇంటికి వస్తున్నాను, నా కోసం వేచి ఉండు’ అన్న మాటలు అలంకారంగా వినబడవు. కాలం మెల్లగా గడుస్తోందనడం కూడా శిక్ష అనుభవిస్తున్నవాడి మాటే.

ఇంకొకరు: నాకు ‘ఘోస్ట్’ సినిమాతోనే తెలుసు. అక్కడ జైలు లేదు కదా?

జవాబు: అక్కడ మరణం ఉంది. ‘నువ్వింకా నాదానివేనా?’ అని జైల్లో ఉన్నవాడు అడిగితే అనుమానం, చనిపోయినవాడి వైపు నుంచి వింటే తీరని ఆశ. మాట ఒక్కటే. 1990లో ఆ సినిమాకు వాడింది రైచస్ బ్రదర్స్ 1965 రికార్డు. పేరుకు ఇద్దరి జట్టే గాని, పాడింది బాబీ హాట్‌ఫీల్డ్ ఒక్కడే. చివరి చరణంలో ‘నీ ప్రేమ కావాలి’ అనే చోట ‘నీడ్’ అన్న మాటను పైస్థాయికి ఎత్తుతాడు. తర్వాత పాడినవాళ్లలో చాలామంది ఆ ఎత్తునే అందుకోవాలని చూశారు. ఎల్విస్ ప్రెస్లీ 1977 జూన్ 21న అమెరికాలోని రాపిడ్ సిటీలో పియానో ముందు కూర్చుని పాడాడు, ఎనిమిది వారాలకు చనిపోయాడు. నాకు హాట్‌ఫీల్డ్ కంటే అదే ఎక్కువ బాధ పెడుతుంది.

బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో నలుగురి వెర్షన్లు నంబర్ వన్ అయ్యాయి: 1955లో జిమ్మీ యంగ్, 1990లో రైచస్ బ్రదర్స్, 1995లో రాబ్సన్ అండ్ జెరోమ్, 2002లో గారెత్ గేట్స్. చివరి రెండూ శ్రావ్యంగానే ఉంటాయి, ఎడబాటు మాత్రం వినబడదు.

మొదటి ప్రశ్న అడిగినవారు: అయితే మొదటి పంక్తిలోని ‘హంగర్డ్’ను ఎలా తేవాలి? ‘నీ స్పర్శకు ఆకలిగొన్నాను’ అంటే ఎబ్బెట్టుగా ఉంది.

జవాబు: ‘అలమటించాను’ అనండి. ఆకలికీ అదే వాడతాం, మనిషి కోసం తపించినా అదే వాడతాం. ‘నీ స్పర్శ కోసం అలమటించాను’. పేరును మాత్రం అనువదించకండి, ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ అనే ఉంచండి.