నాన్నగారిని హైదరాబాద్‌లో ఏ నాటకానికి, ఏ కచేరీకి తీసుకువెళ్లాలి?

కొవ్వూరు ఆడపడుచు:

అందరికీ నమస్కారం. నేను మూడేళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాను. అమ్మ పోయాక నాన్నగారు ఊళ్లో ఒంటరిగా ఉండలేక సంక్రాంతి తరువాత మా దగ్గరికి వచ్చేశారు. ఆయనకు 72 ఏళ్లు. తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలకు అర్జునుడి వేషం కట్టేవారు. ఈలపాట రఘురామయ్య గారు కృష్ణుడిగా వస్తున్నారని తెలిసి పదిహేను మైళ్లు సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, తెల్లారాక ఇంటికి వచ్చి, అటు నుంచి అటే కాలేజీకి పోయిన సంగతి ఇప్పటికీ చెబుతారు.

ఇక్కడ ఆయనకు మిగిలింది హాల్లో కుర్చీ, టీవీ, బాల్కనీ. మొన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బాల్కనీలో నిలబడి సన్నగా రాగం తీస్తున్నారు. తలుపు చప్పుడు వినగానే ఆపేశారు. ఎందుకు ఆపారని అడిగితే "ఊరికే" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

పోయిన నెల గచ్చిబౌలి వైపు ఒక హాస్య కార్యక్రమానికి రెండు టికెట్లు 1,000 రూపాయలు పెట్టి కొన్నాను. హాస్యమంతా ఆఫీసు మీటింగుల మీద, పెళ్లిచూపుల యాప్‌ల మీద, అదీ సగం ఇంగ్లీషులో. గంటన్నర సేపు ఆయన చేతులు కట్టుకుని మర్యాదగా కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు "నువ్వు నవ్వుతుంటే చూశానమ్మా, చాలాకాలమైంది" అన్నారు.

ఆయన నవ్వగలిగే, ఆయన తల ఊపగలిగే కార్యక్రమాలు ఈ నగరంలో ఎక్కడ జరుగుతాయి? ఫోన్లో టికెట్లు అమ్మే చోట వెతికితే కుర్రవాళ్ల కార్యక్రమాలే కనిపిస్తున్నాయి. మోకాళ్ల నొప్పుల వల్ల ఆయన నేల మీద కూర్చోలేరు. రాత్రి తొమ్మిది దాటితే ఇబ్బంది. దయచేసి తెలిసినవారు చెప్పండి.

చిక్కడపల్లి నివాసి:

మీరు వెతికే చోటు మా వీధిలోనే ఉంది. చిక్కడపల్లిలో శ్రీ త్యాగరాయ గానసభ. సంవత్సరంలో చాలా రోజులు సాయంత్రం ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది: పాత సినిమా పాటల విభావరి, కూచిపూడి, అవధానం, పుస్తకావిష్కరణ, నాటిక. ఎక్కువ కార్యక్రమాలకు టికెట్టు ఉండదు, నేరుగా వెళ్లి కూర్చోవడమే. అందుకే ఇవి మీకు ఫోన్లో కనిపించలేదు. దినపత్రిక నగర సంచికలో లోపలి పేజీలో ఆ రోజు కార్యక్రమాలు చిన్న అక్షరాలతో వేస్తారు. గానసభ గేటు దగ్గర ఫ్లెక్సీలు, ఆహ్వాన పత్రికలు కూడా ఉంటాయి.

కూకట్‌పల్లి నుంచి మెట్రోలో రావచ్చు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో రైలు మారితే చిక్కడపల్లి స్టేషన్ ఉంది, లిఫ్టులూ ఉన్నాయి. ఒక సలహా: కార్డు మీద 6 గంటలు అని ఉంటే 7 గంటలకు రండి. మొదటి గంట సన్మానాలకూ ఉపన్యాసాలకూ పోతుంది.

మైకు సెట్టు:

అమ్మా, నేను పాతికేళ్లకు పైగా ఈ నగరంలో సభలకు, నాటకాలకు మైకు పెడుతున్నాను. పై సోదరుడు చోటు సరిగ్గా చెప్పారు. కానీ గంట ఆలస్యంగా రమ్మన్న మాటతో నేను ఏకీభవించను. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక సభలో, ఏ సభో చెప్పను, రాజమహేంద్రవరం నుంచి ఒక గాయని వచ్చారు. తెల్లవారుజామున రైలు దిగి, బంధువుల ఇంట్లో స్నానం చేసి, సాయంత్రం ఐదుకల్లా తంబురా శ్రుతి చేసుకుని తెర వెనక కూర్చున్నారు. ఆరుకు మొదలు కావలసిన కచేరీకి ముందు పదకొండు శాలువాలు, ఏడు ఉపన్యాసాలు. ఎనిమిదీ పదికి ఆమెకు వేదిక ఇచ్చారు. ఎనిమిదీ ముప్పావుకు హాలు ఖాళీ చేయాలి. శాలువాలు కప్పించుకున్నవారు, వారి బంధువులు అప్పటికే లేచిపోయారు. ముందు వరుసల్లో మిగిలింది పూలరెక్కలు, ఖాళీ నీళ్ల సీసాలు. ఆమె కళ్లు మూసుకుని కల్యాణి రాగం ఎత్తుకున్నారు. సమయం అయిపోయిందని నిర్వాహకులు నాకు సైగ చేశారు. నేను ఆంప్లిఫయర్ ఆపలేదు. ఆమె మంగళం పాడేవరకు ఆపలేదు. ఆ రాత్రి నా కిరాయిలో కోత పడింది, దానికి నాకు బాధ లేదు.

ఆలస్యంగా వచ్చేవాళ్లను చూసి నిర్వాహకులు ఇంకా ఆలస్యంగా మొదలుపెడతారు. చివరికి కోత పడేది కళాకారుడి సమయానికే. అందుకని మీరు వేళకే రండి. వచ్చి, ఎప్పుడు మొదలుపెడతారని గట్టిగా అడగండి. అడిగేవాళ్లు పదిమంది ఉంటే ఉపన్యాసాలు వాటంతట అవే కుదించుకుపోతాయి, నేను కళ్లారా చూశాను.

ఇక మీ నాన్నగారికి ఏవి నచ్చుతాయో చెబుతాను.

మొదటిది సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి వేడుకలో కీచకవధ ఆడారు. అంతకు ముందు వాళ్లది తోలుబొమ్మలాట. బొమ్మల బదులు మనుషులే రంగం మీదకు వచ్చిన ఆ రాత్రితో మొదలైన కుటుంబ నాటక సమాజం ఇంకా నడుస్తోంది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో వీళ్ల ఇంటి ఆడపిల్లలే ఆ వేషాలు వేశారు. వీళ్ల మాయాబజార్ తప్పకుండా చూపించండి. ఆ నాటకానికి హ్యాంగింగ్ మైకులు కట్టడానికి వెళ్లినప్పుడు నేను తెర వెనక చూసింది మరచిపోలేను. ట్రంకు పెట్టె మీద దుప్పటి పరిచి రెండేళ్ల పాపను పడుకోబెట్టారు. పట్టుచీర, కిరీటంతో ఉన్న తల్లి ఆ పాపను జోకొడుతూనే రంగస్థలం మీది సంభాషణ చెవులతో పట్టుకుంటోంది. తన వంతు రాగానే పాపను పక్కనున్న రాక్షసుడి చేతికి ఇచ్చి వెలుగులోకి వెళ్లింది. ముందు కూర్చున్నవాళ్లకు లడ్డూలు గాలిలో ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడటం కనిపిస్తుంది. వెనక ఆ దారాలు లాగుతున్న ముసలాయన చేతులు నాకు కనిపించాయి. ఆ లాగుడులో ఎంత లయ ఉందో మృదంగం వాయించేవాళ్లకే అర్థమవుతుంది. ఏళ్ల తరబడి ఈ సమాజాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారు, అందరూ సురభి బాబ్జీ అనేవారు, 2022లో వెళ్లిపోయారు. ఎక్కడ ఆడుతున్నారో పత్రికలో చూసుకుని వెళ్లండి.

రెండవది హిందుస్తానీ సంగీతం. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చినవారికి అలవాటు లేకపోవచ్చు కానీ రాగజ్ఞానం ఉన్న మీ నాన్నగారికి పట్టుబడుతుంది. పండిత్ జస్‌రాజ్ తన తండ్రి మోతీరామ్ పేరిట 1972 నుంచి ఈ నగరంలో ఏటా నవంబరు చివర సంగీతోత్సవం నడిపించారు. మోతీరామ్ గారిని ఏడవ నిజాం ఆస్థాన విద్వాంసుడిగా నియమించవలసిన రోజునే, 1934లో, ఆయన కన్నుమూశారు. జస్‌రాజ్‌కు అప్పుడు నాలుగేళ్లు. తండ్రి సమాధి అంబర్‌పేటలో ఉంది. ఎక్కడెక్కడి దేశాల్లో పాడుతున్నా ఆ కొడుకు ఏటా ఇక్కడికి వచ్చి ఆ సమాధి దగ్గర పాడేవారు. 2020లో ఆయన కూడా పోయారు.

రవీంద్రభారతి గురించి అందరికీ తెలుసు. టాగూర్ శతజయంతికి, 1961లో కట్టిన హాలు. అక్కడ పెద్ద నాటకాలు, నృత్యోత్సవాలు జరుగుతాయి. శిల్పారామంలో శని, ఆదివారాల సాయంత్రం నృత్య ప్రదర్శనలు ఉంటాయి. అక్కడి ఆరుబయలు రంగస్థలంలో కూర్చునేది మెట్ల మీద, మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం.

కూర్చునే చోటు గురించి ఒక మాట. మొదటి వరుస వద్దు. వేదిక పక్కన పెట్టే స్పీకర్లు వెనక వరుసలకు వినిపించాలని తిప్పి ఉంటాయి, ముందు కూర్చున్నవారికి మృదంగం ఎక్కువ, గొంతు తక్కువ వినిపిస్తుంది. అయిదు నుంచి ఎనిమిదవ వరుస మధ్యలో కూర్చోండి. గొంతు, వాద్యం సమంగా చెవికి చేరేది అక్కడే. నేను మిక్సర్ సరిచూసుకునేటప్పుడు నా కుర్రవాణ్ని నిలబెట్టేదీ అక్కడే.

పాతబస్తీ పాఠకుడు:

నవ్వు సంగతి ఎవరూ చెప్పలేదు. తెలుగులో అయితే హాస్యావధానం, మిమిక్రీ మీ నాన్నగారికి నచ్చుతాయి. ఓరుగల్లు నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు ఆయనకు తప్పక తెలిసి ఉంటుంది. 1971లో ఐక్యరాజ్యసమితి కేంద్ర కార్యాలయంలో ప్రదర్శన ఇచ్చిన మనిషి. ఇప్పుడు ఆయన లేరు, ఆయన దారిలో వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఈ నగరపు నవ్వుకు ఇంకో ఇల్లు కూడా ఉంది, ఉర్దూ. 1962లో ఇక్కడ జిందాదిలాన్-ఎ-హైదరాబాద్ అనే సంస్థ పెట్టుకున్నారు, హాస్యం కోసమే. వాళ్ల హాస్య ముషాయిరాల్లో, అంటే ఉర్దూ కవి సమ్మేళనాల్లో, కవి ఒక పాదం చదివి ఆగుతాడు, సభంతా ఆ పాదాన్ని తిరిగి అంటుంది, అప్పుడు రెండవ పాదం విసురుతాడు. పద్యనాటకం చూసినవారికి ఆ ఆగడంలోని రుచి భాష రాకపోయినా తెలుస్తుంది. 1965లో బబ్బన్ ఖాన్ మొదలుపెట్టిన అద్రక్ కే పంజే అనే దక్కనీ (ఇక్కడి ఉర్దూ యాస) నాటకం పదివేలకు పైగా ప్రదర్శనలు ఆడింది. పెద్ద సంసారం, చిన్న జీతం, గుమ్మం ముందు అప్పులవాళ్లు, అంతే కథ. మా నాన్న ఆ నాటకం చూసి వచ్చి మా అమ్మకు సంభాషణలన్నీ చేసి చూపించేవారు. మా ఇంట్లో అప్పులవాళ్లు నిజంగానే వచ్చే రోజులవి. ఆ పూట మా అమ్మ నవ్వేది.

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 దగ్గర లమకాన్ ఉంది. 2010లో ఒక ఇంటిని కళలకు తెరిచిపెట్టారు. పెద్ద బండరాయి పక్కన ఆవరణ, తక్కువ ధరకు చాయ్, సమోసా. నాటకం, గజల్, సినిమా, హాస్యం, అన్నీ జరుగుతాయి. ప్రవేశానికి ఏమీ ఉండదు, లేదంటే చాలా తక్కువ. అక్కడికి యువత ఎక్కువ వస్తారు కానీ పెద్దవారికి కుర్చీ తెచ్చి వేయని రోజు నేను చూడలేదు.

కొవ్వూరు ఆడపడుచు:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మైకు సెట్టు గారూ, ఒక ప్రశ్న. ఈ నగరంలో పద్యనాటకం ఇంకా ఆడుతున్నారా? నాన్నగారిని అడిగితే "ఇక్కడెవరు వింటారమ్మా" అంటున్నారు.

మైకు సెట్టు:

ఆడుతున్నారమ్మా. గానసభలోనూ రవీంద్రభారతిలోనూ పద్యనాటకాలు, ఏకపాత్రలు పెడుతుంటారు. తెనాలి వైపు నుంచి, గుంటూరు నుంచి సమాజాలు వస్తాయి. పూర్తి నాటకం తక్కువ, పడక సీను, రాయబారం సీను వంటివి ఎక్కువ. హార్మోనియం మైకు ఎంత పెట్టాలన్నది ఆ రోజుల్లో నాకు పెద్ద పరీక్ష. ఎక్కువైతే పద్యం మునిగిపోతుంది, తగ్గితే నటుడికి శ్రుతి అందదు. హార్మోనిస్టు ముఖం చూస్తూ సరిచేసుకుంటాను. మీ నాన్నగారితో చెప్పండి, వినేవాళ్లు తక్కువే కానీ, ఉన్నవాళ్లు చివరి పద్యం దాకా కూర్చుంటారు.

కొవ్వూరు ఆడపడుచు:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. శనివారం చిక్కడపల్లి వెళ్లాం. వేళకే వెళ్లాం. సన్మానాలు గంటా పది నిమిషాలు సాగాయి. నేను లేచి వెళ్లి నాటకం ఎప్పుడని అడిగాను. నా వెనకే ఇంకో ఇద్దరు పెద్దవారు వచ్చి అడిగారు. మిగిలిన ఉపన్యాసాలు రెండు నిమిషాల చొప్పున ముగించారు.

ఆరవ వరుస మధ్యలో కూర్చున్నాం. తెర లేచేటప్పటికి హాల్లో ముప్పై మంది కూడా లేరు. అర్జునుడు చిన్న కుర్రవాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. కొత్త కాబోలు, గొంతు వణుకుతోంది. రెండవ పద్యం మూడో పాదంలో ఊపిరి చాలక మాట మింగేశాడు. నాన్నగారి కుడిచెయ్యి ఒడిలోనుంచి లేచింది. ఆ కుర్రవాడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆ చోట వేళ్లు ఆడుతున్నాయి. పద్యం ఎలాగో అయింది. చప్పట్లు అక్కడక్కడా పడ్డాయి.

అప్పుడు నాన్నగారు లేచి నిలబడి "వన్స్ మోర్!" అన్నారు. అమ్మ పోయిన తరువాత ఆ గొంతు నేను వినడం అదే. మరో నలుగురు అందుకున్నారు. కుర్రవాడు మైకు దగ్గరికి తిరిగి వచ్చి, హార్మోనియం వైపు ఒకసారి చూసుకుని, మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి మాట మింగలేదు.

అయిపోయాక ఆ కుర్రవాడే కిందికి దిగి వచ్చి నాన్నగారి కాళ్లకు దండం పెట్టాడు. ఇద్దరూ గోడ పక్కన కుర్చీల్లో కూర్చుని ఆ మూడో పాదాన్నే చాలాసేపు పాడుకున్నారు. తొమ్మిదిన్నర అయింది. నేను గుర్తు చేయలేదు.

ఇప్పుడు పొద్దున్నే పేపరు ముందు ఆయనకే కావాలి. లోపలి పేజీలో ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి నాకు చూపిస్తున్నారు. రేపు రవీంద్రభారతిలో కూచిపూడి, ఆదివారం మళ్లీ గానసభ. నాలుగున్నరకే బయలుదేరాలట.