సూది వణుకుతోంది, తిరగట్లేదు – ఇంట్లో సెస్నా 172 కాక్‌పిట్, సాయం కావాలి

గగనవిహారి, మల్కాజిగిరి (శనివారం రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. పొద్దున పదింటి నుంచి దీని ముందే కూర్చున్నాను, అన్నం కూడా సరిగ్గా తినలేదు. కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం ఇంట్లో చిన్న గదిలో సెస్నా 172 అనే చిన్న విమానం కాక్‌పిట్ కడుతున్నాను. ఆరు నెలల పని. ఎండీఎఫ్ ప్యానెల్ మీద పద్నాలుగు స్విచ్‌లు, ఇగ్నిషన్ కీ, ఫ్లాప్ లివర్, అన్నీ ఆర్డ్యునో మెగా అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపి, దాన్ని సిమ్యులేటర్‌తో కలిపే మోబిఫ్లైట్ అనే సాఫ్ట్‌వేర్‌లో సెట్ చేసుకున్నాను. స్విచ్‌ల వరకు ఏ ఇబ్బందీ లేదు. ల్యాండింగ్ లైట్ స్విచ్ వేస్తే తెర మీద రన్‌వే వెలుగుతుంది. ఆ క్షణం కోసమే ఇదంతా మొదలుపెట్టాను.

సమస్యంతా గేజ్‌లతోనే. ఎయిర్‌స్పీడ్ (వేగం), ఆల్టిమీటర్ (ఎత్తు), వర్టికల్ స్పీడ్ (పైకెక్కే, కిందికి దిగే వేగం) మూడింటికీ సూది తిప్పడానికి స్టెప్పర్ మోటార్లు, అంటే కొంచెం కొంచెంగా అడుగులేస్తూ తిరిగేవి, పెట్టాను. సూది తిరగట్లేదు. ఉన్నచోటే వణుకుతోంది, మోటార్ జుమ్మని మోగుతోంది. మెగా సిగ్నల్‌ని బట్టి మోటార్లకి కరెంట్ ఇచ్చే డ్రైవర్ బోర్డులు మూడూ మార్చాను. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ టంకం పెట్టాను. మోబిఫ్లైట్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మెగా కూడా కొత్తది తెచ్చాను. అదే వణుకు. రేపు మధ్యాహ్నం మా మేనల్లుడు వస్తున్నాడు. బేగంపేట నుంచి టేకాఫ్ చేయిస్తానని వాడికి మాటిచ్చాను. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి, ప్లీజ్.

టంకం (9:52)

ఏ మోటార్? కరెంట్ ఎక్కడి నుంచి ఇస్తున్నావు? ఫోటో పెట్టు.

గగనవిహారి (9:58)

మామూలు స్టెప్పరే అన్నా, అందరూ వాడేది. ప్యానెల్ ఫోటో పెట్టాను.

పాత ఇన్‌స్ట్రుమెంట్ (10:14)

బాబూ, ఫోటో చూశాను. చెక్క పని శుభ్రంగా ఉంది. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్ వెళ్లిపోయేదాకా బేగంపేటలో ఇన్‌స్ట్రుమెంట్ల పనే చేశాను కాబట్టి రెండు మాటలు చెప్పాలి.

ఒకటి, నువ్వు ఆల్టిమీటర్‌ని ఎడమ చివర పెట్టావు. అది పై వరసలో కుడి వైపు ఉండాలి. ఎడమన ఎయిర్‌స్పీడ్, మధ్యలో యాటిట్యూడ్ (విమానం ఎటు వంగిందో చూపేది), కుడిన ఆల్టిమీటర్, దాని కింద వర్టికల్ స్పీడ్. పైలట్ కన్ను మధ్య నుంచి బయలుదేరి పక్కలకు పోయి మళ్లీ మధ్యకే వస్తుంది. ఆ అలవాటు ఇంట్లో తప్పుగా పడితే రేపు నిజం విమానం ఎక్కినప్పుడు కష్టం. రెండు, ఇలా గుండ్రటి గేజ్‌లున్న 172లో లైట్లకి సాధారణంగా పుల్లలా లేచి ఉండే టోగుల్ స్విచ్‌లు కాదు, ఇంట్లో లైటు స్విచ్‌లా నొక్కే రాకర్‌లు ఉంటాయి. మాస్టర్ స్విచ్ అయితే రెండు ముక్కలుగా ఉంటుంది, ఎడమది ఆల్టర్నేటర్‌కి (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంట్ పుట్టించేది), కుడిది బ్యాటరీకి. నీ ప్యానెల్‌లో ఒక్కటే టోగుల్ కనిపిస్తోంది. బ్యాటరీ వేసి ఆల్టర్నేటర్ మరిచిపోతే ఏమవుతుందో మీ మేనల్లుడికి ఎలా చూపిస్తావు?

టంకం (10:16)

మోటార్ పేరు అడిగాను.

గగనవిహారి (10:21)

సార్, ప్యానెల్ మళ్లీ కోయిస్తాను, తప్పకుండా. ముందు సూది తిరగాలి. టంకం అన్నా, మోటార్ 28బీవైజే-48, 5 వోల్ట్‌లది. దాంతో వచ్చే యూఎల్ఎన్2003 డ్రైవర్ బోర్డు.

కొండాపూర్ కెప్టెన్ (10:30)

ఇది నాకూ జరిగింది. ఆ మోటార్‌కి పిన్‌ల వరస తప్పితే అచ్చం ఇలాగే వణుకుతుంది. ఆర్డ్యునోతో పాటు వచ్చే స్టెప్పర్ లైబ్రరీలో (ముందే రాసిపెట్టిన కోడ్) అయితే 1-2-3-4 కాదు, 1-3-2-4 అని ఇవ్వాలి. మధ్య రెండు వైర్లు అటూ ఇటూ మార్చి చూడు బ్రో.

గగనవిహారి (10:47)

మార్చాను, లాభం లేదు. మళ్లీ పాత వరసకే తెచ్చాను. అయినా వరస తప్పని అనుకోను. నెల కింద ఎయిర్‌స్పీడ్ ఒక్కటే పెట్టినప్పుడు ఇదే వరసలో చక్కగా తిరిగింది.

మల్టీమీటర్ (10:52)

ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే గంట మిగిలేది. తిరిగిందంటే మోటార్ బాగుంది, డ్రైవర్ బాగుంది, వరసా బాగుంది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?

గగనవిహారి (10:58)

ఏమీ మారలేదు మేడమ్. రెండు మోటార్ల దాకా బాగానే తిరిగింది. మూడోది కలపగానే కంప్యూటర్‌లో డుంగ్‌మని శబ్దం వచ్చి మెగా కనెక్షనే పోయేది. అందుకని మోటార్లకి విడిగా 5 వోల్ట్, 2 ఆంప్ అడాప్టర్ పెట్టాను. అది అందరూ చేసేదే కదా, రాయనవసరం లేదనుకున్నా.

టంకం (10:59)

అడాప్టర్ మైనస్ మెగా గ్రౌండ్‌కి కలిపావా?

గగనవిహారి (11:03)

లేదు. అది వేరే సప్లై కదా అన్నా, ఎందుకు కలపాలి?

మల్టీమీటర్ (11:19)

సమస్య అక్కడే ఉంది. కొంచెం ఓపిగ్గా చదువు, మళ్లీ ఎక్కడా చిక్కుకోవు.

ముందు మెగా ఎందుకు ఊడిపోయిందో చూద్దాం. ఆ మోటార్‌లో ఒక్కో కాయిల్ (తీగ చుట్ట) సుమారు 50 ఓమ్‌లు. 5 వోల్ట్‌కి ఒక్కో కాయిల్ 100 మిల్లీఆంప్ లాగుతుంది. ఒకేసారి రెండు కాయిల్స్ పని చేస్తాయి కాబట్టి మోటార్‌కి 200. మూడు మోటార్లకి 600. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500. నువ్వు విడిగా అడాప్టర్ పెట్టడం సరైన పనే.

కానీ మెగా పిన్ '5 వోల్ట్' అంటే దాని సొంత గ్రౌండ్‌తో పోల్చి 5 వోల్ట్ అని. డ్రైవర్ బోర్డు ఆ సిగ్నల్‌ని తన గ్రౌండ్‌తో పోల్చి చూసుకుంటుంది. ఈ రెండు గ్రౌండ్‌ల మధ్య వైర్ లేకపోతే సిగ్నల్‌గా వెళ్లిన కరెంట్ తిరిగి రావడానికి సరైన దారి లేదు. ఆ చిప్ లోపల నుంచే ఏదో అరకొర దారి దొరికితే మోటార్ వణుకుతుంది, అంతకుమించి తిరగదు. డ్రైవర్ బోర్డు మీద నాలుగు ఎర్ర ఎల్ఈడీలు ఉంటాయి చూడు. అవి గట్టిగా వెలగకుండా మినుకుమంటున్నాయా?

చేయాల్సింది ఒక్కటే. అడాప్టర్ మైనస్ నుంచి మెగా మీద జీఎన్‌డీ అని ఉన్న పిన్‌కి ఒక వైర్. ప్లస్‌లు రెండూ మాత్రం కలపకు. అడాప్టర్ 5 వోల్ట్ మోటార్లకే, యూఎస్‌బీ 5 వోల్ట్ మెగాకే.

వైర్‌మన్, ఉప్పల్ (11:27)

మేడమ్, 5 వోల్ట్ అడాప్టర్‌కి గ్రౌండింగ్ ఎందుకు? గ్రౌండింగ్ అంటే ఎర్తింగ్. రాగి రేకు పాతి, బొగ్గు ఉప్పు వేసి చేసేది. ఇరవై రెండేళ్లుగా ఇళ్లల్లో ఇదే పని చేస్తున్నా. నెగటివ్ వేరు, న్యూట్రల్ వేరు, ఎర్త్ వేరు. తమ్ముడూ, జర చూసుకొని చెయ్.

గగనవిహారి (11:31)

అంటే గోడలో త్రీపిన్ సాకెట్ ఉంది కదా, దాని పై రంధ్రంలోంచి వైర్ లాగి మెగాకి ఇవ్వాలా? స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది.

టంకం (11:31)

ఆగు. గోడ జోలికి వెళ్లకు.

మల్టీమీటర్ (11:33)

వద్దు, వద్దు! గోడలో ఏదీ ముట్టుకోకు. నేను చెప్పేది అడాప్టర్ నుంచి వచ్చే సన్న నల్ల వైర్ గురించి మాత్రమే. 230 వోల్ట్ వైపు నీకు పనే లేదు. కలిపేటప్పుడు అడాప్టర్ ప్లగ్, యూఎస్‌బీ రెండూ తీసెయ్.

వైర్‌మన్ గారూ, మీరు ఇంటి వైరింగ్ గురించి అన్నది ముమ్మాటికీ నిజం. కానీ ఎలక్ట్రానిక్స్‌లో గ్రౌండ్ అంటే భూమి కాదు. సున్నా వోల్ట్ అని మనం ఒప్పుకున్న గీత.

వైర్‌మన్, ఉప్పల్ (11:40)

అట్లయితే మైనస్ అనండి మేడమ్. గ్రౌండ్ అంటే పిల్లలు గోడలో వేలు పెడతారు. ఇప్పుడే చూశాం కదా.

కొండాపూర్ కెప్టెన్ (11:42)

బోర్డు మీద జీఎన్‌డీ అనే రాసుంటుంది అన్నా, మైనస్ అని ఉండదు. పేరు మారిస్తే ఇంకా కన్ఫ్యూజన్.

మల్టీమీటర్ (11:45)

కామన్ జీరో అందాం. రెండు సప్లైలకి ఒకే సున్నా. అయినా వైర్‌మన్ గారి భయం అర్థమైంది. ఇకపై క్లాసులో మొదట 'మైనస్' అనే చెప్తాను.

పాత ఇన్‌స్ట్రుమెంట్ (11:58)

మీ మాటల మధ్యకి వస్తున్నందుకు ఏమనుకోకండి. 172లో లైట్లకి చాలావరకు ప్లస్ వైరే కనిపిస్తుంది. మైనస్ విమానం ఒంటికే కలిపి ఉంటుంది, కరెంట్ ఆ అల్యూమినియం గుండానే బ్యాటరీకి తిరిగి వస్తుంది. దాన్నీ గ్రౌండ్ అనే అంటాం. విమానం పది వేల అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు అక్కడ భూమి ఎక్కడిది? ఆ ఒళ్లే దాని నేల. నేను చూసిన సూది వణుకుళ్లలో చాలా వాటికి కారణం ఇదే. ఎక్కడో ఒక గ్రౌండ్ బోల్ట్ కింద తుప్పు, రంగు. విప్పి, గీకి, మళ్లీ బిగిస్తే నిలబడేది. బాబూ, నీ వైర్ చివర కూడా గట్టిగా బిగించు. ఊరికే మెలిపెట్టి వదిలేయకు.

ఇంకొకటి. తిరగడం మొదలయ్యాక ఆల్టిమీటర్ నిన్ను మళ్లీ ఏడిపిస్తుంది. పెద్ద సూది 1,000 అడుగులకు ఒక చుట్టు తిరగాలి. శంషాబాద్ ఎత్తు 2,024 అడుగులు. విమానం అక్కడ నేల మీద ఆగి ఉన్నా, ప్రెషర్ సరిగ్గా పెడితే సూది రెండు చుట్లు దాటి కొంచెం ముందుకి ఉండాలి. నీ మోటార్‌కి స్విచ్ వేయగానే తాను ఎక్కడుందో తెలియదు. సున్నా పట్టించే సెన్సర్ లేకపోతే అది అబద్ధమే చూపిస్తుంది. తప్పు ఎత్తు చూపించే ఆల్టిమీటర్ కన్నా ఆగిపోయిన ఆల్టిమీటర్ నయం.

కొండాపూర్ కెప్టెన్ (రాత్రి 12:06)

సార్ చెప్పింది కరెక్ట్. అందుకే నేను ఎయిర్‌స్పీడ్‌కి ఎక్స్27.168 వాడాను, కార్ల మీటర్లలో వాడే రకం. 315 డిగ్రీలే తిరుగుతుంది, చివర అడ్డు ఉంటుంది కాబట్టి సున్నా దానికదే దొరుకుతుంది. ఆల్టిమీటర్‌కి మాత్రం పనికిరాదు. ఆ అడ్డు దాటి తిరగదు.

నాచారం నవీనుడు (12:10)

ఈ ఎక్స్27 కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుందా, ఆన్‌లైన్‌లోనేనా? రాకర్ స్విచ్‌లు కూడా కావాలి.

టంకం (12:12)

రాకర్ గల్లీలో దొరుకుతుంది. స్ప్రింగ్ నొక్కి చూసి కొను. మోటార్ సంగతి వేరే పోస్టులో అడుగు.

గగనవిహారి (12:34)

కలిపాను. ఒక్క వైర్, జానెడు కూడా లేదు. మోబిఫ్లైట్‌లో టెస్ట్ నొక్కగానే ఎయిర్‌స్పీడ్ సూది మెల్లగా లేచి 60 దాటి, 80 దాటి వెళ్లింది. వణుకు లేదు. మూడూ తిరుగుతున్నాయి. మేడమ్ చెప్పినట్టే ఎల్ఈడీలు ఇందాక మినుకుమన్నాయి, ఇప్పుడు గట్టిగా వెలుగుతున్నాయి. పొద్దుటి నుంచి బాగున్న బోర్డులు మూడు ఊడదీసి పారేశాను.

శబ్దానికి అమ్మ లేచింది, పడుకుంటా. అందరికీ థాంక్స్.

మల్టీమీటర్ (12:36)

సంతోషం. పారేసినవి ఏరి తెచ్చుకో, అవి మంచివే.

పాత ఇన్‌స్ట్రుమెంట్ (ఆదివారం ఉదయం 6:20)

బాబూ, మేనల్లుడు వచ్చేలోపు ఆల్టిమీటర్ సున్నా ఎలా పట్టిస్తున్నావో రాయి. సూది వెనక అయస్కాంతం అతికించి దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెడతావా, వెలుతురుతో పట్టే ఆప్టికల్ పెడతావా? గోడ జోలికి మాత్రం పోవద్దు.

నాచారం నవీనుడు (ఆదివారం రాత్రి 8:15)

టేకాఫ్ ఎలా అయింది అన్నా?