రాగి చెంబు నీళ్ళకి, మోకాళ్ళ నొప్పులకి నిజంగా లింకుందా?

గోదారిగట్టు:
మా అత్తగారు రాత్రి రాగి చెంబులో నీళ్ళు పోసి పొద్దున్నే పరగడుపున తాగుతున్నారు, తాగడమే కాదు, మా అందరి చేతా తాగిస్తున్నారు. వాట్సాప్‌లో వచ్చిందట: లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకి రాగి కావాలి, దాంతో ఎముకల్నీ కీళ్ళనీ పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీను గట్టిపడి మోకాళ్ళు కుదుటపడతాయని. ఎంజైము పేరుతో సహా రాశారు, అబద్ధమెందుకవుతుందే అంటారు. నిన్న అందులోనే నిమ్మకాయ కూడా పిండారు, నీళ్ళు అదోలా వగరుగా ఉన్నాయి. ఇందులో నిజమెంత?

బయోకెమిస్ట్రీ మాస్టారు:
ముందు ఆ నిమ్మకాయ ఆపించండి. పులుపు తగిలితే రాగి నీళ్ళలోకి దిగుతుంది, ఎక్కువైతే వాంతులు, కడుపునొప్పి. ఇత్తడి గిన్నెకి కళాయి పూయించకుండా మనవాళ్ళు చారు కాచేవారు కాదు, ఎందుకనుకున్నారు?

వాట్సాప్‌లో మొదటి సగం నిజమే. కొలాజెన్ని నులకతాడు అనుకోండి. కణం లోపల మూడు పోగులు పెనవేసుకుని పురి పడుతుంది, ఆ పురి వదులు కాకుండా చూసేది వేరే ఎంజైము, ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్. దానికి ఇనుమూ విటమిన్ సి కావాలి, విటమిన్ సి అందక వచ్చే స్కర్వీలో చిగుళ్ళు చెడేది ఇది కుంటుపడే. లైసిల్ ఆక్సిడేజ్ పని కణం బయట. పక్కపక్కన చేరిన పురుల్లో లైసిన్ అనే ప్రోటీను పూసలు కొన్నింటి చివర ఉన్న నత్రజని ముక్క, అంటే అమైన్‌ని తీసేసి ఆల్డిహైడ్, అంటే ఇట్టే అతుక్కునే కొక్కెం, చేస్తుంది, అవి పక్కవాటిని పట్టుకుని ముడిపడతాయి. ముడి లేకపోతే తాడుంటుంది కానీ లాగితే జారిపోతుంది. రక్తనాళాల్లోని సాగే ప్రోటీను ఎలాస్టిన్‌కీ ఇదే ముడి.

తేడా వచ్చిందల్లా రెండో సగంలో. రోజుకి కావలసిన రాగి ఒకటి రెండు మిల్లీగ్రాములు, అది మామూలు తిండిలోనే వస్తుంది, నువ్వులూ జీడిపప్పూ తినేవాళ్ళకైతే మరీనూ. ఎంజైముకి అందాల్సింది అందాక ఇంకా పోస్తే అదేం రెండు షిఫ్టులు చెయ్యదు. వయసుకి మోకీలు అరగడం రాగి తక్కువై కాదు.

పశువుల డాక్టర్:
రాగి నిజంగా అందకపోతే ఏమవుతుందో మా పుస్తకాల్లో ఉంది: రాగి లేని మేత పెట్టిన పందిపిల్లలు, కోడిపిల్లలు బృహద్ధమని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, పగిలి చచ్చిపోయాయి. ఇంకో చిత్రం, స్వీట్ పీ అని పూలకోసం పెంచే తీగ ఉంది చూడండి, దాని గింజల్లోని విషం ఈ ఎంజైమునే కట్టేస్తుంది, అవి తిన్న ఎలుకలకి వెన్ను వంకరపోతుంది. దీని చుట్టమే అయిన కేసరి పప్పుతో కాళ్ళు పడిపోవడం ఇది కాదు, అది నరాల మీద పనిచేసే వేరే విషం, చాలామంది రెండూ కలిపేస్తారు.

పాలకొల్లు పిల్ల:
జింకు మాత్రలు కూడా చూసుకోండి. ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే ఒంట్లో రాగి పడిపోతుంది. మా నాన్నగారికి రక్తం తగ్గి, నడక తూలి, చివరికి తేలింది ఇదే.

గోదారిగట్టు:
జింకు లేదండీ. చెంబులో చెయ్యి పెట్టి చూస్తే అడుగంతా పచ్చగా కిలుమెక్కి ఉంది. చింతపండేసి తోమి దేవుడి గూట్లో పెట్టేశాను. మీరన్న నువ్వుల మాట చెప్పగానే అత్తగారు నువ్వుండలకి బెల్లం తెప్పించారు. శనివారం ఎముకల డాక్టరు దగ్గరికి మాత్రం నేనే తీసుకెళ్తున్నాను.