మీలోనేనా, మీ మధ్యనేనా?

కృష్ణలంక: ఒక వాక్యం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. మా పెద్దమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు చేటలోంచి ఒక పిడికెడు తీసి గోడవార డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్లేది. వేస్తూ వేస్తూ "దేవుని రాజ్యం మీలోనే ఉన్నదిరా" అనేది. ఇంట్లో పాత బైబిలు తీసి చూస్తే లూకా 17:21లో "మీ మధ్యనే యున్నది" అని ఉంది. ఈ "మీలోనే" ఎక్కడిది? వేరే అనువాదమా, కీర్తనలో పాదమా? ప్రసంగాలు వద్దండీ, పాఠం కావాలి.

బందరు మాష్టారు: మీ పెద్దమ్మగారిది బైబిలు పాఠం కాదు, గాంధీగారి పాఠం అని నా అనుమానం. టాల్‌స్టాయ్ 1894 నాటి పుస్తకం పేరే అది. గాంధీ దాన్ని దక్షిణాఫ్రికాలో చదివి కదిలిపోయానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ మాట ఖద్దరుతో పాటే మన ఊళ్లలోకి దిగి ఉంటుంది. బైబిలు చేతబట్టిన ఇళ్లలో ఎప్పుడూ "మధ్యనే".

గ్రీకు మోజు: మాష్టారూ, అంత తేలిగ్గా గాంధీగారి మీదికి తోసేస్తే ఎలా? 1611 నాటి కింగ్ జేమ్స్ ప్రతిలోనూ "లోపల" అనే అర్థమే, లాటిన్‌లోనూ అంతే. గ్రీకు మూలంలో ఉన్నది "ఎన్తోస్". కొత్త నిబంధన మొత్తం మీద ఆ మాట రెండే చోట్ల వస్తుంది. రెండోది మత్తయి 23:26, గిన్నె లోపల శుభ్రం చేయమనే చోటు. అక్కడ మనవాళ్లు "లోపల" అనే పెట్టారు. లూకాకి "మధ్య" అని చెప్పాలనుంటే "ఎన్ మెసో" ఉంది, వాడాడు కూడా. 22:27లో "నేను మీ మధ్య పరిచర్య చేయువానివలె ఉన్నాను" అన్నది అదే. గ్రీకులో రెండు వేర్వేరు మాటలు, తెలుగులో రెండింటికీ ఒకటే "మధ్య". అనువాదకుడు దాన్ని చదును చేసేశాడు.

పల్నాటి పిల్ల: చదును చేయక ఏం చేస్తాడు? ఆ మాట ఎవరితో అంటున్నాడో చూడండి. పరిసయ్యులతో, ధర్మశాస్త్రం కచ్చితంగా పాటించే యూదులతో. ఏ పరిసయ్యుల గిన్నె లోపల మురికి అన్నాడో, వాళ్ల లోపలే రాజ్యం ఉందంటాడా? "ఇదిగో ఇక్కడనని, అదిగో అక్కడనని చెప్పవీలుపడదు" అంటూ వాళ్ల ఎదురుగా తను నిలబడి ఉన్నాడు. కనుక మధ్యనే.

తాళపత్రం: మూడో అర్థాన్ని అందరూ మరిచారు. పాత గ్రీకు పపైరస్ పత్రాల్లో ఆ మాట వాడుక చూపించి "మీ చేతికందేంతలో" అని వాదించినవాళ్లున్నారు. లోపలా కాదు, మధ్యా కాదు, చెయ్యి చాస్తే దొరికేటంత దగ్గర. చాస్తావా లేదా అన్నది నీ ఇష్టం.

బందరు మాష్టారు: చెయ్యి చాపడం సరే. గిన్నె దగ్గరికి వచ్చాం కనుక ఒక్క మాట. "భాండశుద్ధి లేని పాకమేల" అన్నప్పుడు వేమన మత్తయి 23 చదవలేదు, అయినా అదే గిన్నె. బ్రౌన్ దొర 1829లో వేమనను అచ్చు వేయించినప్పుడు ఆ పద్యం దగ్గర ఆగి ఉంటాడని నా ఊహ. వేమనే లూకా 17 తెలుగు చేసి ఉంటే "లోపల" అనే అనేవాడు. ఆటవెలదిలో సరిగ్గా కూర్చుంటుంది కూడా.

పల్నాటి పిల్ల: వేమన ఏం చేసేవాడో మీకు కలలో చెప్పాడా మాష్టారూ?

నిఘంటువు పురుగు: అందరూ గ్రీకులో పడి కొట్టుకుంటున్నారు, తెలుగు సంగతి చూడరేం? "మీలో" అంటే లోపల అనే ఎందుకనుకోవాలి? "మీలో ఒకడు నన్ను అప్పగించును" అన్నచోట పన్నెండుమంది కడుపుల్లో ఎవరో ఉన్నారనా? "మీలో ఎవరికైనా ఈత వచ్చా?" అని రోజూ అంటాం. మన "లో"కి రెండర్థాలూ ఉన్నాయి. గ్రీకులో ఉన్న సందిగ్ధమంతా ఒక్క అక్షరంలో ఇమిడేది. "మీలో ఉన్నది" అని వదిలేసి ఉంటే ఈ తగువే ఉండేది కాదు. చేతిలో ఉన్న బంగారం లాంటి ప్రత్యయాన్ని వదిలి "మధ్య" అనే సంస్కృత పదం తెచ్చుకున్నారు.

ఇంకోటి. "మీ" గౌరవ ఏకవచనమూ అవుతుంది, బహువచనమూ అవుతుంది. గ్రీకులో అది బహువచనమే. పెద్దమ్మగారు ఒక్క పిల్లవాడితో "మీలోనే ఉన్నదిరా" అన్నారంటే ఎవరిని అన్నట్టు? "రా" అని పిలిచిన పిల్లాడికి "మీ" పెట్టరు కదా. ఇల్లంతటినీ కలిపి అన్నారు. అంటే ఆవిడ "లోనే" మాష్టారి లోపల కాదు, పల్నాటివారి మధ్య.

కృష్ణలంక: ఇది నాకు తట్టలేదు. కానీ ఆ "నే" ఎక్కడిది?

గ్రీకు మోజు: అదే అసలు దొంగ. మూలంలో అవధారణ పదం, అంటే నొక్కి చెప్పే మాట, లేదు. "ఇదూ" అంటే "ఇదిగో" ఉంది, దాని ఊపు తెచ్చి "మధ్య"కి అంటగట్టారు. "మధ్య యున్నది" అంటే కబురు. "మధ్యనే యున్నది" అంటే ఇంకెక్కడా లేదనే దబాయింపు. ఒక్క ఏకారంతో పరలోకం ఖాళీ అయిపోయింది.

నిఘంటువు పురుగు: ఏకారానికి "ఇంకెక్కడా లేదు" అన్నదొక్కటే అర్థమా? "ఇక్కడే ఉన్నాడుగా" అంటే "నువ్వు చూడలేదు" అని. ఎప్పుడు వస్తుందని అడిగినవాడికి "నీ ముందే ఉంది కదా" అనే జవాబు. పైగా గ్రీకులో "ఎన్తోస్ హ్యుమోన్" క్రియకు ముందు కూర్చుంది. ఊనిక అక్కడ లేదని ఎలా అంటారు? ఏకారం ఉండాల్సిందే. నా పేచీ "మధ్య"తో.

వినుకొండ వాసి: ఇన్ని మాటలు, ఒక్కరి నోటా జాషువా రాలేదు. "లో"కీ "మధ్య"కీ తేడా ఏమిటో ఆయన్ని అడగాలి. 1941 నాటి గబ్బిలం కావ్యంలో ఆ అంటరాని మనిషి కాశీ విశ్వేశ్వరుడికి కబురు గబ్బిలంతో ఎందుకు పంపాడు? గబ్బిలానికి గుడి లోపలికి ప్రవేశం ఉంది, అతనికి లేదు. లోపలికి రానివ్వనివాడికి "రాజ్యం లోపల ఉంది" అంటే ఏం ఓదార్పు? అతనికి కావలసింది "మధ్య". ఊరికీ పల్లెకీ మధ్య, బావి దగ్గర, పంక్తిలో. జాషువా క్రీస్తు చరిత్ర రాశాడన్నా, దానికి 1964లో అకాడమీ బహుమతి వచ్చిందన్నా అందరికీ తెలుసు. నన్నడిగితే ఆయన క్రీస్తు కావ్యం అసలు గబ్బిలమే.

బందరు మాష్టారు: గబ్బిలం క్రీస్తు కావ్యమా! మీరు ఊరి అభిమానం కొద్దీ అంటున్నారు. అది సందేశకావ్యం, మేఘదూతానికి జవాబు.

వినుకొండ వాసి: జవాబే. ఎవరికి, ఎందుకు అన్నదే నా మాట. ఊరి అభిమానం ఉంది, కాదనను.

ఒంగోలు రోడ్డు: "మధ్య" అంటే ఏమిటో మావైపు నేల మీదే చూపిస్తారు. 1876–78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని పస్తులున్నవాళ్లకు పని ఇచ్చాడు. కూలి కోసం మతంలోకి వచ్చారనకూడదని కరువు నడుస్తున్నంతకాలం బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అందరూ ఆ అంకె చెప్తారు, ఆపిన నెలల సంగతి ఎవరూ చెప్పరు. నాకైతే ఆ ఆపడంలోనే 17:21 కనిపిస్తుంది.

మెదక్ మనవరాలు: మా దిక్కు గుడి కూడ గట్లనే లేచింది. కరువుల మిషనరీ పోస్నెట్ దొర పని పెట్టి అన్నం పెట్టిండు, 1924 క్రిస్మస్ నాడు గుడి తెరిచిన్రు. మీ కాలువ ఎండింది, మా గుడి నిలబడ్డది, ఏమంటరు?

ఒంగోలు రోడ్డు: కాలువ ఎండినా పేరు పోలేదమ్మా.

మెదక్ మనవరాలు: సరే తియ్యండి. నాదొక చిన్న అనుమానం. పెద్దమ్మ ఆ మాట బియ్యం ఏసేటప్పుడే అన్నదా, వేరేప్పుడు గూడ అన్నదా? బియ్యం ఏసేటప్పుడే అయితే లూకా 17 ఎందుకైతది? మా అవ్వ పిడికెడు బియ్యం తీసేటప్పుడు చెప్పేది పులిసిన పిండి ముచ్చట. "మూడు కుంచముల పిండిలో దాచిపెట్టిన పుల్లని పిండి", మత్తయి 13:33. రాజ్యం పిండిలో ఉన్నదని. మీ పెద్దమ్మ "పిండిలోనే" అన్నదేమో, మీరు చిన్నతనంల "మీలోనే" అని విన్నరేమో.

కృష్ణలంక: అయ్యో. ఆవిడ పళ్లు లేని నోటితో అనేది. "పిండిలోనే" అయినా కావచ్చు. ఇప్పుడు తేల్చేదెవరు?

గ్రీకు మోజు: ఏదయినా "లోనే" మిగిలింది కదా! ఆ మూడు కుంచాలంటే సుమారు 40 లీటర్ల పిండి. ఒక ఇంటి రొట్టెకి కాదు, ఊరంతటికీ వండే లెక్క.

నిఘంటువు పురుగు: కుంచం దగ్గర మళ్లీ చదును. దీపం మీద బోర్లించకూడదన్న కుంచం, మత్తయి 5:15, గ్రీకులో "మోదియోస్". పిండి కొలిచింది "సాతోన్". రెండూ వేర్వేరు కొలతలు, తెలుగులో రెండూ కుంచమే. మన లెక్కలో కుంచం అంటే నాలుగు మానికలు, నాలుగు కుంచాలు ఒక తూము. ఆ లెక్కన మూడు కుంచాలకి 40 లీటర్లు రావు.

ఒంగోలు రోడ్డు: ఏ మానిక? మా తాత ఇంట్లో కొనేటప్పుడు ఒక మానిక, అమ్మేటప్పుడు ఒక మానిక ఉండేవి.

పల్నాటి పిల్ల: అలాంటివాళ్ల కోసమే లూకా 6:38. "అణచి, కుదిలించి, దిగజారునట్లు". తలకొట్టి కొలవడం కాదు, రాశిగా.

బందరు మాష్టారు: అది "కుదిలించి"యా, "కుదించి"యా? నా ప్రతిలో అక్షరం చెదిరింది. కుదించడమంటే తగ్గించడం కదా, అర్థం తిరగబడుతుంది.

నిఘంటువు పురుగు: కుదిలించి. కుదిపి సర్దడం. కుదించడం వేరే ధాతువు మాష్టారూ, దాన్ని ఇందులోకి లాగకండి.

బందరు మాష్టారు: వేరే ధాతువని మీరెలా తేల్చారు? దీనికి కొత్త చర్చ తెరుస్తున్నాను, అక్కడికి రండి.