ఎస్ప్రెసో మరీ పుల్లగా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: కొత్తగా ఎస్ప్రెసో (వేడి నీళ్లు ఒత్తిడితో పంపి తీసే చిక్కటి కాఫీ) మెషీన్ కొన్నాను. అరకు అరబికా గింజలు తెచ్చి, పొడి 18 గ్రాములు వేస్తే పది సెకన్లకే కప్పు నిండిపోతోంది, పైన నురగ లేదు, నాలుక జివ్వుమనేంత పులుపు. మెషీన్‌లోనే లోపమా?

జవాబు: మెషీన్‌ని అనకండి పాపం, పొడి బరకగా ఉంది, అందుకే నీళ్లు త్వరగా జారిపోయి రుచి పూర్తిగా దిగక పులుపే వస్తోంది. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25-30 సెకన్లలో దిగాలి. కాటా పెట్టుకోండి, కంటి అంచనాతో కుదరదు.

ఇంకో జవాబు: గింజలు మిక్సీలో పొడి చేస్తున్నారా? అయితే ఎంత తిప్పినా సగం రవ్వ, సగం పిండి, నీళ్లు సందు దొరికిన చోటు నుంచి జారిపోతాయి. బర్ గ్రైండర్ (రెండు పళ్ల చక్రాల మధ్య గింజల్ని ఒకే సైజులో నలిపే మర) తీసుకోండి, మెషీన్ కంటే అదే ముఖ్యం.

అడిగినవారు: మిక్సీయేనండి. పోనీ ఇంట్లో ఉన్న ఫిల్టర్ కాఫీ పొడి వేయొచ్చా?

జవాబు: చికోరీ (కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి) కలిసింది మాత్రం వద్దు. అది నీళ్లు పట్టి ఉంచుతుంది, కాఫీ సరిగా దిగదు. దానికి స్టీలు ఫిల్టరే హాయి.