వకారస్య దంతోష్ఠమా, దంతౌష్ఠమా?

నల్లకుంట మాష్టారు:
సభ్యులకు నమస్కారం. నాలుగు రోజులుగా ఒక ముక్క సగం గుర్తుకు వచ్చి, మిగతా సగం రాక వేధిస్తున్నది. సంస్కృత వ్యాకరణంలో ఏ వర్ణం నోట్లో ఎక్కడ పుడుతుందో చెప్పే వరుసలో, పెదవుల అక్షరాలను చెప్పే ‘ఉపూపధ్మానీయానామోష్ఠౌ’ దాటిన తరువాత వకారం ప్రస్తావన వస్తుంది కదా. వకారానికి స్థానం పళ్ళూ పెదవులూ అని చెప్పే ఆ మాట ‘వకారస్య దంతోష్ఠమ్’ అనా, ‘దంతౌష్ఠమ్’ అనా? మా గురువుగారు ‘తౌ’ అనేవారని నా చెవి అంటున్నది, ‘తో’ అని నా నోరు అంటున్నది. ప్రస్తుతం నా నోటి సాక్ష్యం చెల్లదు, ఎందుకంటే అందులో ఒక్క పన్నూ లేదు.

ఇది గుర్తుకు రావడానికి కారణం కట్టుడు పళ్ళే. మొన్న కోఠిలో డాక్టరుగారు మైనం మీద పేర్చిన పళ్ళను నా నోట్లో అమర్చి, ‘ఫ’ వచ్చే మాట ఏదైనా అనమన్నారు. నేను అలవాటు కొద్దీ ‘ఫుల్ల సరోజనేత్ర’ అని శ్రీనాథుని చాటువు ఎత్తుకున్నాను. ఆయన నా పెదవులకేసి కాసేపు చూసి, ‘ఇది పనికిరాదండీ, ఫ్యాను అనండి’ అన్నారు. శ్రీనాథుడు పనికిరాకపోవడమేమిటో ఆ కుర్చీలో అడగలేకపోయాను.

బర్కత్‌పుర:
మాష్టారూ, దీనికి అంత వేదన అక్కరలేదు. ‘దంత’, ‘ఓష్ఠ’ కలిసేచోట అ, ఓ కలిసి ఔ అయ్యే వృద్ధి సంధి చేస్తే ‘దంతౌష్ఠమ్’ అవుతుంది. పాణిని సూత్రానికి అనుబంధమైన ‘ఓత్వోష్ఠయోః సమాసే వా’ అన్న వార్తికం వల్ల పరరూపం వస్తే, అంటే రెండవ అచ్చు ‘ఓ’ మాత్రమే మిగిలితే, ‘దంతోష్ఠమ్’ అవుతుంది. బింబోష్ఠ, బింబౌష్ఠ రెండూ ఎలా సాధువులో ఇవీ అలాగే సాధువులు. ఆ వార్తికంలో పెదవితో పాటు కూర్చున్న ‘ఓతు’ పిల్లి అన్న సంగతి ఎంతమందికి తెలుసునో నాకు తెలియదు.

నల్లకుంట మాష్టారు:
పిల్లి సంగతి తెలుసునండీ. రెండూ సాధువులేనని కూడా తెలుసు. గ్రంథంలో ఉన్నది ఏదన్నదే నా ప్రశ్న.

సికింద్రాబాద్, దంతవైద్యురాలు:
మాష్టారుగారూ, సంధి మాట పెద్దలకు వదిలి, ఆ డాక్టరుగారి తరఫున ఒక మాట చెబుతాను. మీరు ‘ఫుల్ల’ అన్నప్పుడు రెండు పెదవులూ మూసి విడిచి ఉంటారు, అందులో పళ్ళకు పని లేదు. ‘ఫ్యాను’ అన్నప్పుడు మాత్రం పై ముందు పళ్ళ అంచు కింది పెదవి మీద, తడి భాగమూ పొడి భాగమూ కలిసే గీత దగ్గర, తేలికగా ఆనాలి. పళ్ళు మరీ పొట్టిగా కుదిరితే ‘వ’ అనబోయినది ‘ఫ’లాగా, మరీ పొడవైతే ‘ఫ’ అనబోయినది ‘వ’లాగా వినిపిస్తుంది. మేము అద్దం కన్నా ముందు ఈ అక్షరాన్నే నమ్ముతాము.

పళ్ళు పోయిన తరువాత దవడ గట్టు ఉన్నచోట ఉండదు. పై గట్టు బయటి వైపు ఎక్కువగా అరిగి లోపలికి కుంచించుకుంటుంది. కింది గట్టు దాని కన్నా సుమారు నాలుగు రెట్లు అరుగుతుంది. అందుచేత మిగిలిన గట్టు శిఖరం మీదనే పళ్ళు పేరిస్తే అవి పూర్వస్థానానికి వెనకబడి, పెదవి లోపలికి పోయి, ‘ఫ్యాను’లోని ఫకారం దారి తప్పుతుంది. ఒకసారి నాలుక కొనతో అంగిలి ముందు భాగంలో, నడిమి గీత మీద తడిమి చూడండి. అక్కడ ఒక చిన్న బొడిపె తగులుతుంది. పళ్ళన్నీ పోయినా అది పోదు. పై ముందు పళ్ళ బయటి ముఖం దానికి 8 నుంచి 10 మిల్లీమీటర్లు ముందు ఉండేదని లెక్క కట్టి పేరుస్తాము, ఆ తరువాత అక్షరంతో సరిచూస్తాము.

మలక్‌పేట:
అమ్మా, మీరు చెప్పినది చదివి ఇంట్లో నలుగురినీ పరీక్షించాను. మాకు ఆ పళ్ళ ఫకారం ఇంగ్లీషు బడికన్నా ముందే ఉర్దూ ఇచ్చింది. సాఫు, మాఫీ, బర్ఫీ అనే మాటల్లో పెదవులు మూయము. కనుక పాతబస్తీ రోగికి ఫ్యాను అక్కరలేదు, ‘రుణమాఫీ’ అనిపిస్తే చాలు, మనసు పెట్టి అంటాడు. మరొక మాట: మా వైపు అవి పండ్లు, పళ్ళు కావు.

వనస్థలిపురం:
చర్చ అసలు చోటు దాటిపోతున్నది. వకారానికి పళ్ళు నిజంగా కావాలా అన్నది చూడండి. మా నాయనమ్మకు బోసినోరు. ‘వాన’ అనీ ‘వేప’ అనీ ఆమె అన్నప్పుడు లోటు ఏమీ వినిపించేది కాదు. తెలుగు వకారం పెదవి మీద జారిపోయే ధ్వని, దానికి పంటి సాయం నామమాత్రం. ‘త’ కూడా అంతే. ఌ, తవర్గం, ల, స లకు స్థానం పళ్ళని ‘ఌతులసానాం దంతాః’ అంటూ మనం వల్లిస్తాము గాని, ఋగ్వేద ఉచ్చారణ చెప్పే ఋక్ప్రాతిశాఖ్య తవర్గాన్ని దంతమూలీయమన్నది, అంటే పంటి మొదట పుట్టేదని. పన్ను రాలినా మూలం ఉన్న గట్టు మిగులుతుంది కాబట్టి బోసినోటికి ఆ నిర్వచనమే నిలుస్తుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చజలను దంత్యాలనీ తాలవ్యాలనీ విడదీశాడు; ‘ౘప్పరించు’లోని దంత్య చకారాన్ని పళ్ళు లేని వారే ఎక్కువ మనోహరంగా పలుకుతారని నా సిద్ధాంతం.

సికింద్రాబాద్, దంతవైద్యురాలు:
గట్టు ఉన్నంత వరకే ఆ సిద్ధాంతం, అయ్యా. గట్టుతో పాటు అంగిలి ముందరి ముడతలను కూడా సెట్టు పలక కప్పేస్తుంది. పలక అక్కడ మందంగా ఉంటే నాలుకకు చోటు తెలియక సకారమూ మీ దంత్య చకారమూ రెండూ ముద్దగా వస్తాయి.

బర్కత్‌పుర:
‘దంతోష్ఠమ్’ అని ఏకవచనం ఎందుకు వచ్చిందో ఎవరూ అడగలేదు. ‘ద్వంద్వశ్చ ప్రాణితూర్యసేనాంగానామ్’ అని పాణిని. ప్రాణి అంగాలు కనుక రెంటినీ ఒకే గుంపుగా చెప్పే సమాహారమై, నపుంసకమై కూర్చున్నది. ఇప్పుడు మాష్టారి పళ్ళు మైనం మీద నిలిచిన కృత్రిమ దంతాలు. అవి ప్రాణ్యంగాలు కావు. కావున వారి విషయంలో సమాహారం నియమం కాదు, ‘దంతోష్ఠాః’ అని బహువచనం కూడా చెల్లవచ్చు.

మలక్‌పేట:
నెలవాయిదాలు కట్టి కొన్న పండ్లు అంగాలు కాకపోతే మరేమిటండీ?

రామంతాపూర్:
మీరంతా శ్రీనాథుణ్ణి కుర్చీలో వదిలేసి వచ్చారు. ఆ పద్యం చివర ఏమున్నది? ‘మెల్లఁగ నొక్క ముద్ద దిగమ్రింగుము’ అని. పల్నాటి జొన్నకూడు, చింతచిగురు వేసిన ఉడుకు బచ్చలి కూర కృష్ణుని ముందు పెట్టి, నములుమనలేదు, మింగుమన్నాడు. కవిసార్వభౌముడు ఆనాటికి పళ్ళు పోగొట్టుకున్నాడని నాకు చిరకాలంగా అనుమానం. ‘ఫుల్ల’ అని మొదలుపెట్టడం కూడా అందుకే, అది పెదవులతోనే సాగే అక్షరం. ఈ రోజుల్లో ఆ పద్యాన్ని ఫ్యానులోని ఫకారంతో చదివే వారిని విన్నప్పుడల్లా నాకు చెవి మూసుకోవాలనిపిస్తుంది.

వనస్థలిపురం:
యజమాని తెలియని చాటువు కనబడితే శ్రీనాథునికి కట్టబెట్టడం మన అలవాటు. ఇప్పుడు పళ్ళ సెట్టు కూడా కట్టబెడుతున్నారు. పూతన విషమూ దవాగ్నీ మింగిన వాణ్ణి కాబట్టి మింగుమన్నాడు, అంతకు మించి దంతశాస్త్రం అందులో లేదు.

నల్లకుంట మాష్టారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రెండవసారి వెళ్ళాను. డాక్టరుగారు ముందు పళ్ళను కొద్దిగా బయటికి జరిపారు. ఫ్యాను తిరిగింది, మలక్‌పేట వారి మాట మీద రుణమాఫీ కూడా చేశాను, పెదవి మీద అంచు ఆనినట్లు నాకే తెలిసింది. తరువాత ఆయన నన్ను పొట్టిగా పదే పదే ‘ఆ, ఆ’ అనమని, గట్టి అంగిలి వెనక మెత్తటి అంగిలి కదిలే చోట పెన్సిలుతో గీత గీశారు. పై సెట్టు వెనక అంచు అక్కడికే రావాలట, దాటితే వాంతి వచ్చినట్లవుతుందట, తగ్గితే గాలి చొరబడి సెట్టు జారుతుందట.

లేచే ముందు ఇక ఉండబట్టలేక, మైనపు సెట్టుతోనే ‘వకారస్య’ అని మొదలుపెట్టాను. వకారం నిక్షేపంగా వచ్చింది. ‘దంత’ దగ్గర పై సెట్టు జారింది, దాన్ని నాలుకతో పైకి నొక్కి పట్టుకుని మిగతాది పూర్తి చేశాను. నేను ‘తో’ అన్నానో ‘తౌ’ అన్నానో నాకే తెలియలేదు. డాక్టరుగారికి మాత్రం ‘దంతావుష్ఠం’ అని వినిపించిందట. ఆ రూపానికి ఎవరైనా సూత్రం చూపగలరా?